అమ్మ వాటా ఎకరన్నర చెలక: మా తిండి మేమే పండించుకోవాలంటే మొదట ఏం చేయాలి?

మెట్టచేను | ఏప్రిల్ 19, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది జహీరాబాద్ దగ్గర పల్లె. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం, అద్దె ఇల్లు. ఈ ఉగాదికి పంపకాలు అయ్యాక అమ్మ వాటా కింద ఎకరం ఇరవై గుంటల ఎర్ర చెలక మా చేతికొచ్చింది. మూడేళ్లుగా పడావు పడి ఉంది. మధ్యలో ఒక చింతచెట్టు, గెట్టు మీద రెండు వేపచెట్లు. పాత బోరు ఉంది. వానాకాలంలో బాగానే పోస్తుంది, మార్చి దాటితే అరగంట పోసి ఆగిపోతుంది. చేను నుంచి ఐదు నిమిషాల నడకలో తాతగారి పెంకుటిల్లు ఉంది, పైకప్పు బాగు చేయించాలి.

నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు (తొమ్మిదేళ్లు, ఐదేళ్లు), అమ్మ. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్తే చాలు, మిగతా రోజులు ఎక్కడినుంచైనా పని చేసుకోవచ్చు. అమ్ముకుని లాభాలు గడించాలన్న ఆశ లేదు. మా పప్పు, మా కూరలు, మా గుడ్లు, కుదిరితే మా పాలు. అంతే మా కోరిక. చేతిలో మూడు లక్షలు ఉన్నాయి. పిల్లలు పుంగనూరు ఆవు కావాలంటున్నారు, ఒకరిని ధర కూడా అడిగాను.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కిపోయింది.

సీమచేను | ఏప్రిల్ 20, ఉదయం 5:50

తమ్ముడూ, ముందు ఆ ఆవు బేరం ఆపు. అడ్వాన్సు ఇవ్వలేదు కదా?

మాది అనంతపురం జిల్లా. మేం ఈ పని మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. మొదటి ఏడాదే ఆవు, పది మేకలు, ముప్పై కోళ్లు, మూడెకరాల్లో నలభై రకాల మొక్కలు, అన్నీ ఒకేసారి మొదలుపెట్టాం. ఎండాకాలం వచ్చేసరికి ఆవుకు పెట్టే గడ్డి లేదు, మొక్కలకు పోసే నీళ్లు లేవు, మాకు నిద్ర లేదు. మేకల్ని సగం ధరకు అమ్మేశాం. నలభైలో బతికిన మొక్కలు పదకొండు. అందులో వాటంతట అవే మొలిచిన సీతాఫలాలు నాలుగు.

అందుకని చెప్తున్నా. ఈ ఏడాది నీకు మూడే పనులు: నీళ్లు, కంచె, మట్టి.

నీళ్ల లెక్క ఇల్లు దగ్గరే మొదలుపెట్టు. చదరపు మీటరు కప్పు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా ఇంటి కప్పు 600 అడుగులు, అంటే దాదాపు 56 చదరపు మీటర్లు. మా దగ్గర ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల దగ్గర. పోయింది పోగా ఐదింట నాలుగు వంతులు పట్టుకున్నా 24 వేల లీటర్లు. మీ జహీరాబాద్ వైపు మాకంటే వాన ఎక్కువ. పెంకుటిల్లు బాగు చేయించేటప్పుడే చూరు వెంట రేకు దోనెలు పెట్టించి తొట్టిలోకి దించు. తొలి వాన నీళ్లు మాత్రం బయటికి వదిలెయ్యి, దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయి.

చేలో వాలుకు అడ్డంగా కందకాలు తీయించు. ఆ తీసిన మట్టిని దిగువ వైపు గట్టుగా వెయ్యి. ఎర్రనేల కాబట్టి నీళ్లు నిలవవు, ఇంకుతాయి, మనకు కావలసింది అదే. బోరు ఇంకా లోతుకు వేద్దామని ఎవరైనా అంటే వినకు. కొత్త బోరుకు నీళ్లు, నేల, చెట్ల రక్షణ కోసం ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి ఎలాగూ కావాలి, అది వేరే మాట. ఉన్న బోరు పక్కన ఇంకుడు గుంత తవ్వించు.

కంచె మొత్తానికి వేయకు. నీ ఎకరన్నర చుట్టూ వెయ్యి అడుగుల పైనే వస్తుంది. కడీలు, జాలీ, కూలీ కలిపితే నీ మూడు లక్షల్లో చాలా భాగం దానికే పోతుంది. బోరు పక్కన రెండు గుంటలు చూసుకో. దాని చుట్టుకొలత 190 అడుగులే. దానికి గట్టి కంచె వెయ్యి. మిగతా గట్ల మీద వాక్కాయ, గోరింట, గ్లిరిసిడియా నాటు. గ్లిరిసిడియా కొమ్మ విరిచి గుచ్చితే చాలు, తొలకరిలో పట్టుకుంటుంది. మూడేళ్లకు అదే కంచె, అదే ఎరువు.

మట్టి గురించి రాత్రికి రాస్తాను, పొలానికి వెళ్లాలి.

కోడికూత | ఏప్రిల్ 20, ఉదయం 9:15

గుడ్లు కావాలంటే ఆవు కంటే ముందు కోళ్లే. ఐదు పెట్టలు, ఒక పుంజు. అంతకంటే వద్దు.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి కోసం తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు గుడ్లు బాగా పెడతాయి, కానీ పొదగడానికి సరిగా కూర్చోవు. నాటుపెట్ట ఏడాదికి 60, 70 గుడ్లే పెడుతుంది, కానీ తనే పొదుగుతుంది, తనే పిల్లల్ని మేపుకుంటుంది, గద్ద నీడ పడితే రెక్కల కింద దాచుకుంటుంది. మేం రెండూ కలిపి పెంచుతాం. గ్రామప్రియ గుడ్లు తింటాం, కొన్ని నాటుపెట్ట కిందపెట్టి పొదిగిస్తాం. పెట్ట కింద పది, పన్నెండు గుడ్లు మించొద్దు. ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో గుడ్డు పట్టుకుని చూస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. అవి కనిపించని గుడ్డు తీసేయండి. 21వ రోజు పిల్లలు.

మెట్టచేను | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:30

సీమచేను అన్నా, అడ్వాన్సు ఇవ్వలేదు. మీ మాట చదివి ఇంట్లో అందరికీ వినిపించాను. పిల్లల ముఖాలు చిన్నబోయాయి, అమ్మ మాత్రం "మంచి మాట చెప్పిండు" అంది.

కోడికూత గారూ, ఐదు కోళ్లకు రోగాలు వస్తే డాక్టరు దొరుకుతారా? అదే నా టెన్షన్.

కోడికూత | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 2:05

రోగం వచ్చాక డాక్టరు చేయగలిగింది తక్కువ. కొక్కెర తెగులు వస్తే మూడు రోజుల్లో గూడు ఖాళీ అయిపోతుంది. మా మొదటి బ్యాచ్ పద్నాలుగు కోళ్లు అలాగే పోయాయి. మెడ తిరిగిపోయి, తలకిందులుగా గిరగిరా తిరుగుతుంటే పిల్లలు చూసి ఏడ్చారు. ఆ రోజు ఇంకా కళ్లముందే ఉంది.

టీకా ఒక్కటే దారి. పిల్ల పుట్టిన ఏడో రోజు లసోటా చుక్క కంట్లో, మళ్లీ 28వ రోజు, ఎనిమిది వారాలకు ఆర్2బి ఇంజెక్షన్ రెక్క కింద. చిక్కంతా సీసాతోనే. ఒక్కో సీసాలో వంద డోసులు ఉంటాయి, కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, ఐసులో పెట్టి తేవాలి. మన ఆరు కోళ్ల కోసం సీసా తెస్తే మిగతాదంతా పారబోతే. అందుకే నేను ముందురోజు సాయంత్రం వీధంతా తిరిగి చెప్తాను. పొద్దున్నే కోళ్లను గంప కిందే ఉంచమంటాను, వదలకముందే అందరి ఇళ్లకూ వెళ్లి వేసేస్తాం. మన కోళ్లకు మాత్రమే వేసి ఊరుకుంటే లాభం లేదు, పక్కింటి కోడికి వచ్చిన తెగులు మన గోడ ఎక్కి వస్తుంది.

సీమచేను | ఏప్రిల్ 20, రాత్రి 9:20

మట్టి సంగతి.

ముందు పరీక్ష. చేలో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది, పది చోట్ల పైన చెత్త తీసేసి, వి ఆకారంలో జానెడు లోతు గుంట చెయ్యి. గుంట అంచు వెంబడి పైనుంచి కిందకు పలచగా మట్టి గీకు. అన్నీ గోనె మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసెయ్యి. మళ్లీ కలిపి మళ్లీ అలాగే. అరకిలో మిగిలేదాకా. నీడలో ఆరబెట్టి కృషి విజ్ఞాన కేంద్రంలో ఇవ్వు. చెట్టు కింద, గట్టు పక్కన, పాత పెంట కుప్ప ఉన్నచోట మట్టి తీయకు.

మూడేళ్లు పడావు పడిన నేలకు ఈ వానాకాలం జనుము చల్లు. నలభై ఐదు, యాభై రోజులకు పూత మొదలవుతుంది, అప్పుడే దున్నించి కలిపెయ్యి. పూత ముదిరితే కాడ నారగా మారి కుళ్లడానికి ఆలస్యమవుతుంది. ఆంధ్రాలో ప్రకృతి సేద్యం చేసే రైతులు తొలకరి రాకముందే నవధాన్యాలు చల్లుతున్నారు. పెసర, అలసంద, ఉలవ, నువ్వు, ఆముదం, సజ్జ, ఏది దొరికితే అది కలిపి. నేల ఎండకు ఖాళీగా పడి ఉండకూడదన్నది అందులోని తెలివి.

చూడాలనుకుంటే మా వైపు ఒక చోటుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు 1990లో మొదలుపెట్టింది 32 ఎకరాల బంజరుతో. పశువులు పడకుండా, మంటలు అంటకుండా కాపాడి, పడిన వాన అక్కడే ఇంకేలా చేస్తే చెట్లు తిరిగి వచ్చాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ నీడలో కూర్చుని మా పొలంలో నేను పడ్డ తొందరంతా గుర్తు చేసుకున్నాను.

గోదారి దొడ్డి | ఏప్రిల్ 21, ఉదయం 7:45

సీమచేను గారంటే నాకు గౌరవం, కానీ ఆవు విషయంలో ఒప్పుకోను. పేడ లేకుండా సేద్యం ఏమిటండీ? నేలకు పోసే పులిసిన ద్రవ ఎరువు జీవామృతం ఉంది చూశారూ, దానికే పది కిలోల పేడ, ఐదారు లీటర్ల మూత్రం కావాలి. మా కోనసీమలో దొడ్డి ఉన్న ప్రతి ఇంటికీ ఒకప్పుడు పాడి ఉండేది. కొబ్బరి కింద అరటి, అరటి నీడలో కంద, పసుపు, ఓ మూల గొడ్లపాక. గొడ్డు ఉంటేనే ఆ చక్రం తిరుగుతుంది.

సీమచేను | ఏప్రిల్ 21, ఉదయం 8:30

గోదారి గారూ, మీకు కాలవ ఉంది, గట్టున పచ్చగడ్డి ఉంది. ఆయనకు మార్చిలో అరగంట పోసే బోరు ఉంది. పెద్ద ఆవు రోజుకు 40, 50 లీటర్ల నీళ్లు తాగుతుంది, ఇరవై కిలోల దాకా పచ్చిమేత తింటుంది. పొట్టి ఆవుకు అంత అక్కర్లేదు, ఒప్పుకుంటాను, కానీ రోజూ ఇంటిపట్టున మనిషి ఉండాల్సిందే కదా. పుంగనూరు ఆవు ఇప్పుడు పలికే ధరకు ఆ కుటుంబం కొన్నేళ్లపాటు పాలు పోయించుకోవచ్చు.

పేడ కావాలంటే ఊళ్లో ఆవున్న ఇంటికి వెళ్లి అడిగితే ఇస్తారు. ముందు నేల రెండేళ్లు గడ్డి పెంచనివ్వండి. తర్వాత ఆవును తెచ్చుకుంటే నేనే వచ్చి పసుపు కుంకుమ పెడతాను.

గోదారి దొడ్డి | ఏప్రిల్ 21, ఉదయం 8:52

గడ్డి ముందు, గొడ్డు తర్వాత అంటే సరేనండి. ఎప్పటికీ వద్దనకపోతే చాలు.

వంటింటి కిటికీ | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 3:10

ఇప్పటిదాకా అందరూ నీళ్లు, కంచె, కోళ్లు అన్నారు. ఎవరూ అనని మాట ఒకటి నేను అంటాను. ఈ పని ఎవరు చేస్తారు?

మేం నంద్యాల దగ్గర పల్లెకు వచ్చి ఆరేళ్లు. మావారు మంచి మనిషి, కష్టపడతారు. అయినా మొదటి ఏడాది ఏం జరిగిందో చెప్తా. ఆయన పొద్దున్నే గంటసేపు చేలో పనిచేసి లాప్‌టాప్ ముందు కూర్చునేవారు. కోళ్లు వదలడం, నీళ్లు పెట్టడం, మొక్కలకు కాపలా, పండిన టమాటా ఒకేసారి ముప్పై కిలోలు వస్తే ముక్కలు కోసి ఒరుగులు పెట్టడం, మబ్బు పడితే పరిగెత్తి మిద్దె మీదివి తీయడం, జొన్నలు చెరగడం, అత్తయ్య మందులు, పిల్లాడి హోంవర్క్, మూడు పూటలా వంట. ఊళ్లో కొన్నదంతా మానేశాం కాబట్టి వంట కూడా రెట్టింపయ్యింది. పప్పు అంటే ప్యాకెట్ చింపడం కాదు, రాళ్లు ఏరి, పుచ్చులు ఏరి, కడిగి వండడం. సంక్రాంతికి నాకు జ్వరం వచ్చి పది రోజులు లేవలేదు. ఆ పది రోజుల్లో ఆయనకు నేను ఏం చేస్తున్నానో తెలిసింది.

లేచాక ఇద్దరం కూర్చుని గోడ మీద బొగ్గుతో రాసుకున్నాం. పొద్దున్నుంచి రాత్రి వరకు ఉన్న ప్రతి పనీ, దాని పక్కన పేరు. ఎవరి పేరూ పెట్టలేని పని మానేశాం. అలా రెండు మేకలు పోయాయి, ఇంట్లో సబ్బు చేసుకోవడం పోయింది. ఆ గోడకు ఇంతవరకు సున్నం వేయనివ్వలేదు నేను.

తమ్ముడూ, నీ పోస్టులో అమ్మ మాట ఉంది, పిల్లల మాట ఉంది. మీ ఆవిడ ఏమంటోంది?

మెట్టచేను | ఏప్రిల్ 21, రాత్రి 11:20

వంటింటి కిటికీ అక్కా, నమస్తే. నేను ఆయన భార్యని, ఆయన అకౌంట్‌లోంచే రాస్తున్నాను. మీరు రాసింది ఇద్దరం కలిసి చదివాం.

నాకు ఇష్టమే. మా అమ్మమ్మ ఇంట్లో పెరిగాను, పేడ వాసన నాకు కొత్త కాదు. కానీ నేను నాలుగు మాటలు చెప్పాను. మొదటి ఖర్చు బాత్రూమ్, మరుగుదొడ్డి. పెంకుటింట్లో అవి లేవు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండోది, నేను కుట్టుపని మానను, నా మిషన్‌కు ఒక గది కావాలి. మూడోది, ఈ విద్యాసంవత్సరం పిల్లల బడి మార్చం. శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం రాత్రి వస్తాం, వేసవిలో అక్కడే. నాలుగోది, పాలు నేను పితకను. నాకు రాక కాదు. పితికే మనిషి పెళ్లికి వెళ్లలేదు, పురుడుకు వెళ్లలేదు, మా అమ్మమ్మను చూశాను.

ఆయన నాలుగింటికీ సరే అన్నారు.

వంటింటి కిటికీ | ఏప్రిల్ 22, ఉదయం 6:30

చల్లగా ఉండు తల్లీ. ఇంత స్పష్టంగా చెప్పడం నాకు అప్పట్లో రాలేదు.

విత్తనాల బుట్ట | ఏప్రిల్ 22, ఉదయం 10:00

మాది మీ పక్క మండలమే. మీరు ఎక్కడికీ పోకముందు పస్తాపూర్ పోయి రండి. డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల ఆడవాళ్లు ఇండ్లళ్ల దాచుకున్న విత్తనాలు చూడండి. ఎర్ర చెలకలో బోరు నీళ్లు లేకుండ ఒకే చేన్ల పది, పదిహేను పంటలు తీస్తరు. ఏటా సంక్రాంతి అప్పుడు మొదలుపెట్టి ఎడ్లబండ్ల మీద ఊరూరా పాత పంటల జాతర చేస్తరు.

ఒక పని చేయండి. మీ వంటింట్ల నెలకు ఏమేం కొంటరో రాసి పెట్టండి. దాన్ని బట్టి ఏం విత్తాల్నో చెప్త.

మెట్టచేను | ఏప్రిల్ 22, రాత్రి 9:45

అక్కా, ఐదుగురికి నెల లెక్క ఇది: బియ్యం 30 కిలోలు, కందిపప్పు 3, పెసర, మినుము కలిపి 2, నూనె 4 లీటర్లు, గుడ్లు 90, పాలు రోజుకు లీటరున్నర, కూరగాయలకు 2,200 రూపాయల దాకా. జొన్నపిండి ఎప్పుడో ఒకసారి కిలో.

విత్తనాల బుట్ట | ఏప్రిల్ 23, ఉదయం 6:15

బియ్యం మర్చిపోండి. ఆ బోరు మీద వరి పెడితే మిగతావన్నీ ఎండుతయి. ఊళ్లో వరి పండించే వాళ్ల దగ్గర వడ్లే కొని పట్టించుకోండి. కానీ రోజుకు ఒక పూట జొన్నరొట్టెకు అలవాటైతే ఆ ముప్పై కిలోలు పద్దెనిమిదికి దిగుతయి.

ఏడాదికి 36 కిలోల కందిపప్పు అంటే యాభై, యాభై ఐదు కిలోల కందులు. పది గుంటల్ల వస్తయి, కాలం మంచిగైతే. మృగశిర కార్తె జల్లు పడి నేల జానెడు తడిసినంక విత్తండి. ఒక్క వాన చూసి తొందరపడకండి. ఆరు సాళ్లు పచ్చజొన్న, ఒక సాలు కంది. కంది సాల్ల నడుమ నడుమ అనుములు, అలసందలు, గోంగూర గింజలు వేయండి. జొన్న దసరా తర్వాత కోతకు వస్తది, కంది ఇంకా రెండు నెలలు నిలబడుతది. దాని వేరు లోతుకు పోతది, వానలు ఆగినా బతుకుతది.

నేను ఒక కిలో కందులు, జొన్నలు ఇస్త. పైసలు వద్దు. పండినంక రెండు కిలోలు నాకు తిరిగి ఇవ్వండి, అది మా దగ్గర పద్ధతి.

ఇంకో మాట. మీ పడావు చేన్ల కలుపు పీకేముందు ఎవరన్న పెద్దమనిషిని తోలుకపోయి చూపించండి. గంగవాయిలి, దొగ్గలికూర, తుమ్మికూర, పొన్నగంటి, వానలు పడంగనే విత్తకుండనే వస్తయి. రెండు నెలల కూర మీకు పైసా ఖర్చు లేకుండ అక్కడే ఉంటది.

టెక్సాస్ గోంగూర | ఏప్రిల్ 23, రాత్రి 8:10

చదువుతుంటే ఊరికి వచ్చేయాలనిపిస్తోంది. మాకు సొంత భూమి లేదు. మేం ఇక్కడినుంచే కొనాలంటే ఏ కాగితాలు చూడాలి?

గెట్టు పంచాయతీ | ఏప్రిల్ 23, రాత్రి 10:30

ముందు ఒక విషయం. విదేశీ మారక చట్టం, అంటే ఫెమా నిబంధనల ప్రకారం ఎన్నారైలు మన దగ్గర వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడ్డాక కొనండి, లేదా ఊళ్లో మీ అమ్మానాన్నల పెరడుతో మొదలుపెట్టండి.

ఇక్కడుండి కొనేవాళ్లకు: భూమి రికార్డులకు తెలంగాణలో భూభారతి, ఆంధ్రాలో మీభూమి వెబ్‌సైటు చూడండి. ఏటా ఎవరు సాగు చేశారో చెప్పే పాత పహాణీలు లేదా అడంగల్, ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే ఈసీ తీయించండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో ఉందేమో చూడండి. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి చవగ్గా వస్తుందని ఆశపడొద్దు, దాని బదిలీని ఆపడానికే 1977లో చట్టం చేశారు. కాగితాలన్నీ బాగున్నా సర్వేయరుతో కొలిపించి, చుట్టుపక్కల రైతులు నిలబడి ఉండగా హద్దురాళ్లు పాతించండి. బాట ఉందా, ఆ బాట కాగితం మీద ఉందా అని కూడా చూడండి. నేను ఈ చివరిది చూడక ఐదేళ్లు కోర్టు చుట్టూ తిరిగాను.

సీమచేను | ఏప్రిల్ 24, ఉదయం 5:40

పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి ఇది కూడా. పెంకుటింట్లో నేల మీద పడుకోకండి, మంచాలు వాడండి, దోమతెర అంచులు పరుపు కిందకు దోపండి. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది, కరిచినా చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. కోళ్ల దాణా ఇంట్లో పెడితే ఎలుకలు, వాటి వెనకే పాములు. చేలోకి బూట్లు, చేతిలో టార్చి. ఏదైనా జరిగితే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. మనిషిని కదలనివ్వకుండా 108 అంబులెన్సులో, పాము విషానికి మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. ఏ ఆసుపత్రిలో ఆ మందు ఉందో ఈ వారమే వెళ్లి అడిగి పెట్టుకో.

మెట్టచేను | ఆగస్టు 10, సాయంత్రం 6:25

అందరికీ నమస్తే. నాలుగు నెలలు రాయలేకపోయాను, క్షమించండి.

బాత్రూమ్ కట్టించాం. పైకప్పు అయింది, దోనెలు పెట్టించాం. ఐదువేల లీటర్ల తొట్టి జూలైలోనే రెండుసార్లు నిండి పొర్లింది. రెండు గుంటలకు కంచె వేశాం. కందకాలు నాలుగు తీయించాం. ముప్పై గుంటల్లో జనుము చల్లి, పూతకు రాగానే దున్నించాం. విత్తనాల బుట్ట అక్క ఇచ్చిన కంది, జొన్న మోకాలెత్తు దాటాయి.

జీవామృతం కూడా చేశాను. 200 లీటర్ల డ్రమ్ము వేపచెట్టు కింద పెట్టి, పక్కింటి పెద్దమ్మ ఇచ్చిన పది కిలోల పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గెట్టు మీది గుప్పెడు మట్టి. గోనె కప్పి పొద్దున, సాయంత్రం కర్రతో ఒకే వైపు తిప్పాను. మొదటి రోజు పేడ వాసనే. రెండో రోజు సాయంత్రం గోనె తీస్తే సన్నటి బుడగలు, చిటచిట శబ్దం, పులిసిన కల్లు వాసన. మా చిన్నోడు చెవి ఆనించి "నాన్నా, లోపల ఎవరో మాట్లాడుతుండ్రు" అన్నాడు.

బాధ ఒకటే. కోతులు. కంచె వాటికి లెక్క కాదు. బీర, సొర పిందెలన్నీ ఒక్క పొద్దున తెంపి పారేశాయి. మక్కజొన్న ఒక్క కంకి మిగలలేదు. మా ఆవిడ ఆ రోజు ఏమీ మాట్లాడలేదు.

గోదారి దొడ్డి | ఆగస్టు 10, రాత్రి 7:40

కంద, పసుపు, అల్లం, కాకర వేయండి. కోతి వీటి జోలికి పెద్దగా రాదు. ఈ ఏడాదికి నాటే అదను దాటిపోయింది, కాకర మాత్రం ఇప్పుడైనా పెట్టొచ్చు. వచ్చే వేసవి చివర చెప్పండి, కంద దుంపలు నేను పంపిస్తాను. బీర, సొర ఇంటి చూరు మీదకు, మనుషులు తిరిగేచోట పాకించండి.

కోడికూత | ఆగస్టు 11, ఉదయం 6:00

కోళ్లు తెచ్చారా?

మెట్టచేను | ఆగస్టు 11, ఉదయం 7:20

లేదండి. వారానికి మూడు రోజులే ఉంటున్నాం, గూటిలో బంధించి వెళ్లలేం. పక్కింటి పెద్దమ్మ దగ్గర గుడ్లు కొంటున్నాం. వచ్చే జూన్‌లో పిల్లల బడి మారాకే.

మెట్టచేను | జనవరి 18, రాత్రి 9:05

పండగ అయిపోయింది. పిల్లలు నిద్రపోయారు, కూర్చుని రాస్తున్నాను.

కందులు 46 కిలోలు అయ్యాయి. లెక్కకు తక్కువే, పూత మీద పురుగు పడింది, నేను వేపగింజల కషాయం వారం ఆలస్యంగా కొట్టాను. జొన్నలు ఒక బస్తాకు కొంచెం తక్కువ. గోంగూర, అలసందలు, అడవి కూరలు కలిపి ఆగస్టు నుంచి నవంబరు దాకా ఊళ్లో ఉన్న రోజుల్లో కూర కొన్నది తక్కువ. మూడు లక్షల్లో రెండు లక్షల పది వేలు ఖర్చయింది, అందులో సగం పైన ఇంటికే.

పప్పు చేయడం అమ్మ నేర్పింది. ఎర్రమట్టి నీళ్లలో కలిపి, జల్లెడ పట్టి, ఆ బురద నీళ్లను కందులకు పట్టించింది. గింజ గింజా ఎర్రబడేదాకా చేత్తో కలిపి ఒక రాత్రి కుప్పపోసి ఉంచాం. తర్వాత నాలుగు రోజులు ఎండ. తాతగారి విసుర్రాయి మూలన పడి ఉంటే కడిగి, గంటు కొట్టించాం. అమ్మ ఒక వైపు, నా భార్య ఒక వైపు పిడి పట్టుకున్నారు, నేను గుప్పెడు గుప్పెడు పోశాను. మొదట పడిన పప్పు సగం పొట్టుతోనే ఉంది. అమ్మ రాయి లేపి నడుమ కీలకు చిన్న గుడ్డముక్క చుట్టింది, రెండు రాళ్ల మధ్య వెంట్రుకంత సందు పెరిగింది. అంతే, పసుపు పచ్చటి బద్దలు జలజలా రాలాయి. చెరిగితే పొట్టు, నూక పక్కకు పోయాయి. సంక్రాంతి రోజు ఆ పప్పే వండుకున్నాం. ఉడకడానికి టైం ఎక్కువ పట్టింది. మా పెద్దది రెండోసారి అడిగి వేయించుకుంది.

విత్తనాల బుట్ట అక్కా, మీ రెండు కిలోల కందులు తీసి పెట్టాను. బూడిద కలిపి, వేపాకు వేసి కుండలో పోసి మూతికి పేడ అలికాం. ఆదివారం పస్తాపూర్ వైపు వస్తున్నాం, మీరు ఇంట్లోనే ఉంటారా? అనుములు మాకు సరిగా కాయలేదు. కొంచెం విత్తనం ఉంటే ఇప్పించండి.

విత్తనాల బుట్ట | జనవరి 19, ఉదయం 6:10

ఉంట. కుండతోనే పట్టుకరండి, వేరే సంచుల్ల పోయకండి. అనుములు తెల్లవి, నల్లవి రెండూ ఉన్నయి. పిల్లల్ని కూడ తోలుకరండి, అనపకాయలు ఉడకేస్త.